చెప్పినవారు: ఆడపడుచు

మనిషి ఒళ్ళు ఎన్ని రకాలుగా విరుగుతుందో ఆ ఆసుపత్రిలో డాక్టర్లకంటే బాగా తెలిసిన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ కత్తి పట్టదు, కుట్టు వేయదు, రోగి మొహం చూడదు. సగం నేలలోకి దిగిపోయిన కింది అంతస్తులో, కిటికీలోంచి నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనిపించని రికార్డుల గదిలో కూర్చుని, పైన నమోదైన ప్రతి దెబ్బకూ కోడ్ వేస్తుంది. అందరూ ఆవిణ్ణి రికార్డులక్క అంటారు. ఆ గది హెడ్డుగారు ఆవిడకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆయన కూడా అక్కా అనే పిలుస్తాడు.

ఆ పనేమిటో తెలియనివాళ్ళు "ఆఁ, కంప్యూటర్లో అంకెలు కొట్టడమేగా" అంటారు. అలా అన్నవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కపూట చేయించాలి. ఒక్కో దెబ్బకి రెండు కోడ్లు. ఏం విరిగిందన్నది ఒకటి, ఎలా విరిగిందన్నది రెండోది. మొదటిది ఎక్స్‌రే చెబుతుంది, దానికి అబద్ధం రాదు. రెండోది మనుషులు చెబుతారు, తిరకాసంతా అక్కడే. కోడ్ల పుస్తకం రాసినవాళ్ళు మాత్రం మహానుభావులు. చిలక కరిస్తే ఒక కోడ్, బాతు కరిస్తే ఇంకో కోడ్. నడుస్తూ నడుస్తూ దీపస్తంభానికి గుద్దుకుంటే దానికీ ఒకటి. మొగుడు కొడితే ఒకటి, కన్నతండ్రి కొడితే ఒకటి, ముక్కూ మొహం తెలియనివాడు కొడితే మరొకటి. లోకంలో ఉన్న హింసంతా అందులో అరలు అరలుగా సర్ది పెట్టి ఉంటుంది. తెచ్చి ఇచ్చేవాళ్ళు నిజం చెబితే చాలు, పెట్టడానికి చోటుంది.

ఆ రోజు పొద్దున టీలో బిస్కెట్టు ముంచుకుంటూ అక్క పదకొండు ఫైళ్ళు పూర్తి చేసింది. బండి నిలుపుకునే చోటు కోసం అన్న నడినెత్తిన ఇటుకతో మోదిన తమ్ముడు. చెక్కల మిల్లులో రంపం కింద పోయిన నాలుగు వేళ్ళు. పగిలిన సీసా మెడతో పొట్టలో పొడిపించుకుని, పేగు చేత్తో పట్టుకుని నడిచొచ్చిన వంటవాడు. ప్రేమించిన పిల్ల ఫోన్ ఎత్తలేదని గాజు తలుపుని గుద్ది, చేతి నరాలు తెగ్గొట్టుకున్న కుర్రాడు. బిస్కెట్టు టీలో విరిగి పడినప్పుడు మాత్రం అక్క "అయ్యో" అంది. అది కఠినత్వమని అనుకోవద్దు, పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరైనా అంతే.

ఆ గదిలో ఒకటే సూత్రం. రాయనిది వేయకూడదు. డాక్టరు 'పడింది' అని రాస్తే పడినట్టే. ఎవరైనా చేశారా, దానంతట అదే జరిగిందా అన్నది రాయకపోతే ప్రమాదం కిందే వేయాలి. దెబ్బకీ చెప్పిన కథకీ పొంతన లేదనిపిస్తే ప్రశ్న చీటీ అని ఒకటుంది, దాన్ని నింపి పైన డాక్టరుకి పంపొచ్చు. కొత్తలో అక్క వారానికి పది చీటీలు పంపేది. జవాబులు వచ్చేసరికి వారం పట్టేది, రోజుకు ముప్ఫై పూర్తి కావలసిన ఫైళ్ళు పదిహేను దగ్గర ఆగేవి. ఒకనాడు హెడ్డుగారు దగ్గరికొచ్చి, "అక్కా, మనం పోలీసులం కాదమ్మా" అన్నాడు, చాలా మెత్తగా. ఆ తర్వాత ఆరేళ్ళలో అక్క ఒక్క చీటీ కూడా పంపలేదు. ఆవిడ వేసిన ఫైలు ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. ఆ గొప్ప ఆవిడకి బాగానే ఉండేది.

పన్నెండో ఫైలు తెరిచింది. పేరూ చిరునామా మీద నల్ల పట్టీ. ఒకప్పుడు ఇక్కడివాళ్ళెవరో రోగుల సంగతులు బయట చెప్పుకున్నారని, అప్పటినుంచి కోడ్ వేసేవాళ్ళకి పేర్లు కనిపించకుండా పట్టీ వేసి పంపుతారు. దెబ్బల కేసులైతే రోగి ఇంటికి వెళ్ళకముందే, మూడో రోజుకే కాగితాలు కిందికి వచ్చేస్తాయి. ఆడమనిషి, ముప్ఫై ఒకటి. తల మీద మూడంగుళాల గాయం, ఏడు కుట్లు. ఎడమ వైపు రెండు పక్కటెముకలు. ఎడమ ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక, సరిగ్గా మధ్యలో విరిగింది. మెడకి రెండు వైపులా కమిలిన మచ్చలు. ఎలా జరిగింది: 'గ్యాస్ బండ జరుపుతూ కాలు జారి పడింది, బండ మీద పడింది'. పక్కన అంచులో డాక్టరు చేత్తో పెట్టిన ప్రశ్నార్థకం.

అక్కకి ఒళ్ళు మండింది. పడే మనిషి అరచేయి ఆనిస్తుంది, అప్పుడు మణికట్టు దగ్గర విరుగుతుంది. ముంజేయి నడిమధ్యకి విరగాలంటే ఆ చేయి మొహానికి అడ్డంగా పైకి లేచి ఉండాలి, దాని మీద ఎవరో కొట్టాలి. గ్యాస్ బండకి మెడ పట్టుకోవడానికి వేళ్ళెక్కడివి? 'ఎవడో గానీ, అబద్ధం చెప్పడానికైనా తెలివుండొద్దూ' అని తిట్టుకుంటూ కింది గడి చూసింది. చెప్పినవారు: ఆడపడుచు.

తేదీ చూసింది. మొన్న. మధ్యాహ్నం ఒకటీ నలభై.

ఆ మాట చెప్పింది తనే. ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన మాటే. మొన్న భోజనం వేళకి తమ్ముడు ఫోన్ చేశాడు, "అక్కా, నీ మరదలు గ్యాస్ బండ జరుపుతూ పడిందే, తీసుకొస్తున్నా, నువ్వు క్యాజువాలిటీ దగ్గరుండు" అని. తను పరిగెత్తింది. స్ట్రెచర్ మీద మరదలు మొహమంతా నెత్తురు, జుట్టు గడ్డకట్టి ఉంది. డ్యూటీ డాక్టరమ్మ "ఎలా జరిగింది" అంటే, తమ్ముడు నోరు తెరిచేలోపు తనే గబగబా చెప్పేసింది. ఆసుపత్రి మనిషి చెబితే నమ్ముతారని.

తెలియకా చెప్పింది? అదే ఇక్కడ అడగాల్సిన మాట. పేరుకి పట్టీ వేసి బల్ల మీద పెడితే అర నిమిషంలో పసిగట్టిన మనిషికి, పేరూ మొహం ఎదురుగా ఉన్నప్పుడు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తెలుసు. తెలిసే చెప్పింది.

ఆ ఎముక అక్కకి కొత్తది కాదు. తన ఎడమచేతిలో కూడా అదే ఎముక, అదే చోట అతుక్కుని ఉంది. వాళ్ళ నాన్న తాగి కొట్టేవాడు కాదు, తాగకుండానే కొట్టేవాడు. అక్కకి పద్నాలుగేళ్ళు, తమ్ముడికి ఆరు. పాలగిన్నె ఒలకబోశాడని నాన్న నీళ్ళ గొట్టం ముక్క తీసుకుని వాడి మీదికి వచ్చాడు. అక్క వాడి మీద బోర్లా పడి చేయి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఆసుపత్రిలో అమ్మ "గోడ ఎక్కి దూకిందండీ, కోతిపిల్ల" అంది, నవ్వుతూ కూడా. అక్క "అవునండీ" అంది. తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకుని అన్నీ విన్నాడు. కొట్టిన తర్వాత ఏం చేయాలో వాడు నేర్చుకున్నది అక్కడే.

అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది అక్కే. తను పెళ్ళి చేసుకోలేదు. వాడికి లారీ టైర్ల షాపు పెట్టించింది, పదూళ్ళు వెతికి ఈ పిల్లని చేసి తెచ్చింది. పెళ్ళయి ఆరేళ్ళు. పక్క వీధిలోనే కాపురం.

అక్క ఫైలు చివరి పేజీ తిప్పింది. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నామని ఇంటివాళ్ళు సంతకం పెట్టే పేజీ. కోడ్‌కి పనికొచ్చేదేదీ అందులో ఉండదు కాబట్టి ఏ కోడర్ కూడా ఆ పేజీ తెరవడు. పట్టీ వేసేవాడు పేరు మూశాడు గానీ సంతకం కింద ఫోన్ నంబరు మూయలేదు. తమ్ముడి నంబరు. అక్కకి కంఠతా వచ్చిన నంబర్లు రెండే, అందులో అదొకటి.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఈ ఆరేళ్ళలో మరదలు కనిపించని వారాలు ఉన్నాయి. "జ్వరంగా ఉందక్కా" అని ఒకసారి, "పుట్టింటికి వెళ్ళింది" అని ఒకసారి. అక్క ఆ నెలలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పాత ఫైళ్ళు తెరిచింది. పాత కార్డు తేకపోతే కొత్త నంబరు ఇస్తారు కాబట్టి ప్రతిసారీ మనిషి కొత్తమనిషే. 'మంచం కోడు తగిలి' మూడు పక్కటెముకలు. చివరి పేజీలో అదే ఫోన్ నంబరు. 'చెవి దుద్దు తలుపుకి పట్టుకుని' చీలిపోయిన చెవి తమ్మె. అదే నంబరు. 'ఇస్త్రీ చేస్తూ తూలి' వీపు మీద కాలిన గాయం. వీపు మీద! ఇస్త్రీ పెట్టె మీద వెల్లకిలా పడే మనిషిని లోకంలో ఎవరైనా చూశారా? ఇంకొకటి, రెండు ముందు పళ్ళు, 'కుళాయి తగిలి'. దొరికినవి నాలుగు, ఇప్పటిదానితో ఐదు. నాలుగింటి కిందా ప్రమాదం అని కోడ్ వేసిన మనిషి నంబరు ఒకటే. అది అక్కదే.

లేచి హెడ్డుగారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఈ పన్నెండోది పడటం కాదు, కొట్టడం. మార్చి వేయొచ్చా?"

హెడ్డుగారు ఫైలు చూసి పెదవి విరిచాడు. "అక్కా, నీకు నేను చెప్పాలా? డాక్టరు రాయాలి."

"డాక్టరమ్మ ప్రశ్నార్థకం పెట్టింది."

"ప్రశ్నకి కోడ్ లేదు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, చెప్పిందే రాస్తుంది. పోలీసుకి కబురు పెట్టాలన్నా ఎవరో ఒకరు నోరు విప్పాలి." వేలితో గడి చూపించాడు. "ఇదుగో, ఆడపడుచు చెప్పిందట. ఆవిడెవరో వచ్చి, అమ్మా నేను చెప్పింది అబద్ధం అనాలి. ఎందుకంటుంది? ఎలుకకి పిల్లి సాక్ష్యం. తోడబుట్టినవాణ్ణి ఎవరైనా పట్టిస్తారా? వదిలెయ్ అక్కా, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి."

అక్క వదిలేయలేదు. టీ గ్లాసు కూడా అలాగే వదిలి మూడంతస్తులు మెట్లెక్కి ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళింది. గోడ గడియారంలో రెండూ పది.

మరదలు కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉంది. తల ఒక వైపు గొరిగి కుట్లు వేశారు. ఎడమ కంట్లో తెల్లగుడ్డు కనిపించడం లేదు, అంతా నెత్తురే. ఎడమచేతికి సిమెంటు కట్టు. కుడిచేత్తో బట్టలు సంచిలో కుక్కుతూ, సంచి మూతి పక్కపళ్ళతో పట్టుకుని ముడి వేస్తోంది.

"ఏంటి వదినా, ఈ వేళప్పుడు వచ్చారు?"

"ఎన్నింటికి పంపుతున్నారు నిన్ను?"

"మూడింటికి. మీ తమ్ముడు వస్తానన్నారు."

అక్క మంచం అంచున కూర్చుంది. "గ్యాస్ బండ కాదు కదమ్మా."

మరదలు ముడి వేయడం ఆపి ఆవిడ వంక చూసింది. "అదేంటి వదినా, గ్యాస్ బండ అని డాక్టరుగారికి చెప్పింది మీరేగా."

అక్క తలదించుకుంది.

"చెప్పమంటే చెబుతాను," అంది మరదలు, సంచి పక్కన పెట్టి. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "స్నానం చేస్తున్నాను, ఫోన్ మోగింది, వినపడలేదు. మూడుసార్లు చేశారట. షాపులోంచి అలాగే వచ్చేశారు, చేతిలో టైరు ఊడదీసే గడ్డపలుగు ఉంది, అది కూడా పెట్టకుండా. తలుపు తీశాను. మొదటిది తల మీద పడింది. రెండోది చేత్తో ఆపుకున్నాను, అదే విరిగింది. కింద పడ్డాక కాలితో తన్నారు, ఎన్నో నేను లెక్కపెట్టలేదు. తర్వాత పలుగు పడేసి మెడ పట్టుకున్నారు. ఊపిరి అందలేదు వదినా. కళ్ళు నల్లబడిపోయాయి. ఉచ్చ పడిపోయింది. సరే, అయిపోయిందిలే అనుకున్నాను. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఎవరో లారీ టైరు పంక్చరట. నా మెడ వదిలి, ఫోన్ ఎత్తి, 'పది నిమిషాల్లో వస్తా అన్నా' అన్నారు, ఎంత మర్యాదగానో. ఆ లారీ ఆయన ఎవరో గానీ, చల్లగా ఉండాలి."

పక్క మంచం ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

"నాతో ఒక్క మాట చెబితే..." అంది అక్క.

"చెప్పాను. మీకు గుర్తు లేదు. రెండేళ్ళ కిందట, మీ వంటింట్లో, వీపు మీద జాకెట్టు ఎత్తి చూపించాను కూడా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది తల్లీ, సర్దుకో అన్నారు. బర్నాల్ ట్యూబు ఇచ్చారు."

గుర్తుంది. ట్యూబు సగం వాడినదని కూడా గుర్తుంది. తమ్ముణ్ణి గుండెల మీద పెట్టుకుని పెంచానన్న గర్వం ఒకటి అక్కకి ఇన్నేళ్ళుగా ఉంది, అది ఆ మంచం దగ్గరే చచ్చిపోయింది. ఈసారి ఈ పిల్ల మూడింటికి ఆ ఇంటికి వెళితే, ఇంకోసారి వచ్చేది క్యాజువాలిటీకి కాదు. మెడ పట్టుకున్నవాడు ఆ తర్వాత ఎక్కడిదాకా వెళతాడో అక్క ఎన్ని ఫైళ్ళలో చదివింది! వాటి చివరి పేజీలు వేరే రంగులో ఉంటాయి.

"నువ్వు ఎక్కడికీ వెళ్ళవు," అంది లేస్తూ. "డాక్టరమ్మ కింద క్యాజువాలిటీలో ఉంటుంది. నేను చెప్పింది అబద్ధమని నేనే చెబుతాను. ఆవిడ రాస్తే చాలు, మిగతాది ఆసుపత్రే చూసుకుంటుంది."

"వద్దు వదినా. మీకు తెలీదు ఆయన సంగతి."

"నాకు తెలియకపోవడమేంటే, వాడికి ముడ్డి కడిగినదాన్ని" అని అక్క గబగబా బయటికి నడిచింది.

మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట తమ్ముడు ఎదురయ్యాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో మరదలి చెప్పులు. గోళ్ళలో టైరు నలుపు. అక్కని చూడగానే మొహం విప్పారింది.

"అక్కా! భోంచేశావా? మొహం పీక్కుపోయిందేంటే?"

వాడి ప్రేమ అబద్ధం కాదు, అదే వచ్చిన చిక్కు. అయినా అక్క చెప్పేసింది.

"డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాన్రా. మొన్న నేను చెప్పింది మార్చి రాయించడానికి. గ్యాస్ బండ కాదు, పలుగు అని. నువ్వు అని."

తమ్ముడు నవ్వాడు. "ఏంటక్కా, పరాచికాలా?"

"ఐదు ఫైళ్ళు చూశాను. వీపు మీద ఇస్త్రీ పెట్టె ఎలా పడిందిరా?"

నవ్వు ఆగింది. "అది నీకేం చెప్పింది?"

"ఏం చెప్పినా సరే. పక్కకి జరుగు."

"నేను మూడుసార్లు ఫోన్ చేశానక్కా. మూడుసార్లు. ఎత్తలేదు." అదే మొత్తం కారణమన్నట్టు, వింటే ఎవరైనా ఒప్పుకుంటారన్నట్టు చెప్పాడు. వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడని అక్కకి అర్థమైంది. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద. ఇంటి గుట్టు ఊరందరికీ చెబుతావా? నన్ను జైల్లో పెట్టిస్తావా? నీ చేత్తో పెంచావు."

"అందుకే నేనే చెప్పాలి" అని అక్క వాడి పక్కనుంచి ఒక మెట్టు దిగింది.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. లారీ చక్రాలు ఎత్తే చేయి అది. ఎడమ దవడ, చెవి కింద మూల, లోపల ఏదో చిటుక్కున విరిగి నాలుక మీదికి పన్ను వచ్చి పడింది. పదకొండేళ్ళ అలవాటు, చచ్చినా పోదు. కింది దవడ, మూల దగ్గర, తెరుచుకున్న విరుపు, అనుకుంది మనసు దానంతట అదే. వాడు జుట్టు పట్టుకుని తలని రెయిలింగుకి కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు. నెత్తి చర్మం చీలి వెచ్చగా కంట్లోకి కారింది. నుదుటి ఎముక, లోపలి నెత్తురు తెలియదు. పడిపోతూ చేయి అడ్డం పెట్టింది, అదే చేయి. వాడు బూటుకాలితో తన్నాడు. చేయి వంగకూడని చోట వంగింది. తర్వాత పక్కటెముకలు, తర్వాత పొట్ట. ప్రతి తన్నుకీ వాడు ఒకే మాట అంటున్నాడు, "నువ్వు కూడానా, నువ్వు కూడానా." చెప్పుల కవర్ మెట్ల మీద దొర్లుతూ కిందికి పోయింది. పైమెట్టు మీద ఎవరివో ఉత్త పాదాలు కనిపించాయి అక్కకి. ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ కనిపించలేదు.

ఆపింది కూడా వాడే. చూశాడు. "అక్కా" అన్నాడు. "అక్కా, అక్కా, ఏమైందే" అని ఘొల్లున ఏడుస్తూ, తన్నిన మనిషి తను కానట్టే, ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తుకుని కిందికి పరిగెత్తాడు.

క్యాజువాలిటీలో బల్ల మీద పడుకోబెట్టారు. తల మీద దీపం. నర్సు కత్తెరతో జాకెట్టు చేయి కత్తిరిస్తోంది. డ్యూటీ డాక్టరమ్మ, మొన్న అంచులో ప్రశ్నార్థకం పెట్టిన చిన్నపిల్లే, దవడ కింద వేళ్ళు పెట్టి చూసింది. అక్కకి ప్రాణం పోయినంత పనైంది.

"ఎలా జరిగింది?" అంది కాగితం తీసుకుని.

"మెట్ల మీద కాలు జారిందండీ," అన్నాడు తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదట. కళ్ళు తిరిగి దొర్లిపోయింది."

"మీరేమవుతారు?"

"తమ్ముణ్ణి. చిన్నప్పట్నుంచి అమ్మైనా నాన్నైనా ఈవిడే నాకు."

అక్క 'కాదు' అనబోయింది. నోట్లోంచి మాట రాలేదు, నెత్తురు బుడగ వచ్చింది. తమ్ముడు గబుక్కున తువ్వాలు తీసి నోటికి అదిమాడు. "మాట్లాడకు అక్కా, మాట్లాడితే నొప్పి" అన్నాడు. అదిమినవాడు చేయి తీయలేదు. తల అడ్డంగా ఊపబోతే దవడ పట్టు తప్పి ఒళ్ళంతా మెరుపు పాకింది. డాక్టరమ్మ కలం కాగితం మీద ఆనింది.

"ఈమె మీ మనిషేనా?" అంది నర్సు, గుమ్మం వైపు చూసి.

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. ఉత్త కాళ్ళతో, సిమెంటు కట్టు గుండెకి ఆనించుకుని. మూడంతస్తులు దిగిన ఆయాసం.

"నువ్వెందుకొచ్చావు కిందికి?" అన్నాడు తమ్ముడు, ఎంతో నెమ్మదిగా. "వెళ్ళి పడుకో. అక్క మెట్ల మీద పడింది."

డాక్టరమ్మ ఆ పిల్ల మెడ మీది మచ్చలు చూసింది, అతని చేతుల వంక చూసింది. "నువ్వు చూశావామ్మా?"

మరదలు బల్ల మీది వదినని చూస్తోంది. అక్క కూడా ఆమెనే చూస్తోంది, నెత్తురు కారని ఒక్క కంటితో. 'పడింది' అనొచ్చు ఆ పిల్ల. ఎందుకు అనకూడదు? మొన్న ఆమెకి దక్కిన సాక్ష్యం అదేగా. సర్దుకో వదినా అని ఒక ట్యూబు చేతిలో పెట్టి వెళ్ళిపోయినా తప్పు పట్టే హక్కు తనకి లేదు. ఆ కాసేపు అక్క పడిన భయం, మెట్ల మీద దెబ్బలు తింటున్నప్పుడు కూడా పడలేదు.

"పడలేదు," అంది మరదలు. "ఆయనే కొట్టారు. నేను పైమెట్టు మీదే ఉన్నాను. ముందు దవడ మీద గుద్దారు. తల పట్టుకుని కమ్మీకి రెండుసార్లు కొట్టారు. కింద పడ్డాక తన్నారు. రాసుకోండి."

తమ్ముడు తువ్వాలు వదిలేసి ఆమె మీదికి దూకాడు. మందుల ట్రే ఎగిరి పడింది. గుమ్మం దగ్గరి గార్డు నడుం పట్టుకున్నాడు, స్ట్రెచర్ తోసేవాడు భుజం పట్టుకున్నాడు. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి మరదలి జుట్టు అందుకున్నాడు, కుట్లున్న వైపు. ఏడింటిలో మూడు కుట్లు తెగాయి. ఆమె అరవలేదు. ఇంకో గార్డు వచ్చి మోచేత్తో అతని మెడ వెనక్కి వంచాకగానీ చేయి వదల్లేదు. నేల మీద బోర్లా తొక్కి పట్టుకుంటే అప్పుడు అరిచాడు. "అక్కా! చెప్పు వీళ్ళకి! నువ్వు చెప్పవే, అక్కా!"

అక్క మంచి చేయి ఎత్తింది. చూపుడువేలు తమ్ముడి వైపు చాపింది. వాణ్ణి బయటికి ఈడ్చుకెళ్ళేదాకా దించలేదు. కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి. వాడు ఆరేళ్ళ పిల్లాడప్పుడు ఏడ్చినట్టే ఏడుస్తున్నాడు, ఆ గొంతు ఆవిడకి తెలుసు.

తలుపు మూశారు. నర్సు పోలీసులకి ఫోన్ చేస్తోంది. మరదలి తలకి గాజుగుడ్డ అదిమి స్టూలు మీద కూర్చోబెట్టారు. డాక్టరమ్మ 'చెప్పినవారు' అన్న గడిలో 'మరదలు' అని రాసి తలెత్తింది.

"ఈవిడ సంగతి సరే. మీది కూడా రాయనా?"

"రాయండి."

"ఇంతకుముందు ఎన్నిసార్లు కొట్టాడు ఇలాగ?"

మరదలు జవాబు చెప్పేలోపు బల్ల మీద అక్క చేయి మళ్ళీ లేచింది. మాట రాదు కాబట్టి వేళ్ళు చూపించింది. ఐదు. ఐదూ తను చూసినవే, నాలుగింటికి తనే కోడ్ వేసింది. ఇది తను చెప్పి తీరాలి.

మరదలు ఆ వేళ్ళ వంక చూసింది. స్టూలు మీదినుంచి వంగి, మంచి చేత్తో ఆ చేయి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"ఐదు కాదు వదినా, తొమ్మిది. నాలుగుసార్లు అసలు ఆసుపత్రికే తీసుకురాలేదు."